శ్రీ లేని కార్డు

చేవెళ్ల

భాగీరథక్కా, పైన శ్రీ లేదని గుండె పట్టుకోకు, ఎవరూ పోలేదు, అందరం క్షేమం. ఫోనులో నీకు వినబడదని కార్డు రాస్తున్నాను.

ఇరవై మూడున సిటీలో హామ్ రేడియో లైసెన్సుకు మొదటి మెట్టు పరీక్ష రాస్తున్నాను. పోయిన వానల్లో మొయినాబాద్‌లో పెళ్లికి వెళ్తే నీ మరదలికి ఆయాసం వచ్చింది. సెల్‌ఫోన్లు పనిచేయలేదు. పెళ్లింటి పక్కనుండే శేషగిరిరావుగారు తన హామ్ రేడియోలో మాట్లాడి అంబులెన్సు తెప్పించారు. అదే చేవెళ్లలో వస్తే ఎవరున్నారు? వానలు మళ్లీ దగ్గరపడ్డాయి. అందుకే ఈ లైసెన్సు.

పాఠాలు ఆయనే చెబుతున్నారు. కరెంటు లెక్కలు వచ్చాయి, నియమాలు నోటికొచ్చాయి. చెయ్యే మాట వినడం లేదు. మూడు నమూనా పరీక్షల్లోనూ పేపరు నెత్తిన శ్రీ పెట్టేశాను. మన బాపు పోలీసు సమన్ల మీద కూడా శ్రీ రాసి సంతకం పెట్టినవాడు. ఆ కథ కార్డులో పట్టదు.

“మళ్లీ రాశారేంటండీ ముకుందంగారూ! ఏ గుర్తున్నా పేపరు పక్కన పెట్టేస్తారు” అని శేషగిరిరావుగారు తల పట్టుకున్నారు.

“చెయ్యి కట్టేసి పంపియ్యాల్నా నిన్ను?” అంటున్నది నీ మరదలు.

యాభై ఏళ్లు దుకాణంలో ఉప్పు చిట్టీ కూడా శ్రీ లేకుండా రాయని చెయ్యి అక్కా. అందుకే నీ కార్డు మీద సాధన చేస్తున్నాను. ఇది ఐదోది, నాలుగు చింపాను.

మోకాళ్ల నూనె అందిందా? కొత్త చింతపండు పంపమంటావా? పిల్లలకు దీవెనలు.

ఇరవై మూడు పొద్దున పదింటికి ఒక కాగితం మీద నా పేరున నువ్వు శ్రీ రాసి దేవుడి ముందు పెట్టు. నీ చేత పడిందని తెలిస్తే నా చెయ్యి ఊరుకుంటుందేమో.

తమ్ముడు ముకుందం