పళ్ళు తోమొద్దన్న డాక్టరమ్మ

అప్పకి, నీ తమ్ముడు పైడిరాజు దండాలు పెట్టుకుని మద్రాసు నుంచి రాసేది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, మీ అత్త, మన రమణి అందరూ కులాసాయే కదా? మీ అత్త మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావకి దగ్గు తగ్గిందా? ఆవు ఈనితే దూడ పెయ్యో, కోడో రమణి చెప్పనే లేదు. ఇక్కడ వానలు మొదలయ్యాయి. వాన వెలిసిన మరుక్షణం చెమట పడుతుంది. దేనికి తడిశామో మనకే తెలియదు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని కంగారు పడకు. నా పై చిగుళ్ళకి ఒక చిన్న పని జరిగింది. కొన్నాళ్ళు పెదవి సాగదీయొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు అంది డాక్టరమ్మ. నీకేమో బుధవారం ముంచుకొస్తోంది. అందుకని రాస్తున్నాను. రమణీ, అమ్మకి నెమ్మదిగా చదివి వినిపించు తల్లీ, మధ్యలో లేచి పొయ్యి దగ్గరకి పోనీకు.

వచ్చే బుధవారం రాజాం వెళ్ళి నోట్లో పళ్ళన్నీ తీయించేసుకుని, సెట్టు కట్టించుకుంటావట కదా. వీధిలో పారమ్మ సెట్టు తళతళలాడుతోందట. "ఒక్కోటీ ఊడిందాకా కాసుకుని కూకోడానికి నాకు మరేటీ పన్లేదేటి? ఒకేపాలి పీకించీసుకుంటే పీడా పోద్ది" అన్నావట. వద్దప్పా. ఈ మాట చెప్పడానికే ఈ ఉత్తరం. ముందు నా సంగతి విను, తరవాత నీ ఇష్టం. నీ ఇష్టమంటే, నేను చెప్పిందే నీ ఇష్టమవ్వాలని.

పోయినసారి నేనొచ్చినప్పుడు నా పై పళ్ళు పొడుగయ్యాయని ముందుగా కనిపెట్టింది బావే. "ఒసే, నీ తమ్ముడికి మద్రాసు నీళ్ళు బాగా పడ్డాయే. మనిసి ఎదగడం మానీసినా పళ్ళు ఎదుగుతన్నాయి సూడు" అని వీధరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ చూపించాడు. నువ్వూ నవ్వావు. నేనూ నిజమే కాబోలు అనుకున్నాను. ఎదిగింది పన్ను కాదప్పా, పైకి పోయింది చిగురు. ఆ సంగతి నాకు చల్లటి మజ్జిగ తాగినప్పుడు తెలిసింది. జివ్వుమని నడినెత్తికి ఎక్కింది.

నేను చేసేది చీరల కొట్టులో ఉద్యోగం. చీర చూపించే ముందు నవ్వాలని మా ఓనరు శాసనం. నవ్వితే గాలి తగిలి పళ్ళు గుంజేవి, గుంజితే మొహం చిట్లించేవాణ్ణి. చీర బాగులేదని నేనే చెబుతున్నాననుకుని బేరాలు లేచిపోయేవి. ఆఖరికి చిగుళ్ళ డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళాను. ఆవిడ తమిళావిడే గాని తెలుగు వచ్చు, ఇంటి పక్కన తెలుగువాళ్ళట. ల, ళ ఒకటే ఆవిడకి, మనసు మాత్రం మంచిది.

"రోజూ ఎలా తోముతారు?" అని అడిగింది. నేను గర్వంగా చెప్పాను. నువ్వు నేర్పిన విద్యే కదా! పెరట్లో నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దవడ పట్టుకుని, కచ్చిక బూడిదలో ఉప్పు కలిపి, "కిర్రుమనాలిరా, కిర్రుమంటేనే తోమినట్టు" అని రుద్దేదానివి. ఇక్కడ బూడిద దొరక్క కొట్టులో అన్నిటికన్నా గట్టి బ్రష్షు కొని అలాగే కిర్రుమనిపిస్తున్నానని చెప్పాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "అయ్యయ్యో, ఇకమీద పల్లు తోమకూడదు! తోమనే కూడదు!" అంది. ఇంకా ఏదో చెప్పింది గాని, పక్క గదిలో మిషను గుయ్యిమంది. నాకు వినపడలేదు. డాక్టరు మాట కాదనడానికి నేనెవరిని? ఆ పూట నుంచీ పళ్ళు తోమడం మానేశాను.

తరవాతి సంగతి నీకు చెప్పాలంటే సిగ్గేస్తోంది. వారం తిరిగేసరికి కొట్టులో ఆడవాళ్ళు చీరలు చూపించమంటూనే పమిట ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. మా ఓనరు మంచివాడు, ఏమీ అనలేదు, గోడౌనులో చీరలు మడత పెట్టే పని ఇచ్చాడు. నేను మాత్రం ఇదంతా వైద్యంలో భాగమే, ఓర్చుకోవాలి అనుకుని నీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాను.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళి నోరు తెరిచానో లేదో, ఆవిడ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. "ఏమయ్యా, పల్లు తోమలేదా?" అంది. "మీరేగా తల్లీ తోమొద్దన్నారు!" అన్నాను. ఆవిడ ముసుగు తీసి మరీ నవ్వింది. తోమడమంటే గిన్నెలు తోమినట్టు తోమొద్దని ఆవిడ భావం. మెత్తటి బ్రష్షు పుచ్చుకుని చిగురు దగ్గర మొదలెట్టి పంటి కొసకి నెమ్మదిగా దించాలట, రాపిడి పెట్టకూడదట. చూశావా అప్పా, అందరి సంగతి నాకు తెలియదు గాని మనకి మాత్రం పంటికీ, పాలగిన్నెకీ ఒకటే మాట. ఆ మాటని నమ్ముకుని ఇద్దరం మసిగిన్నె తోమినట్టు పళ్ళు తోముకున్నాం. గిన్నెకైతే కళాయి వేయించుకోవచ్చు.

చిగురుకీ వేయించుకోవచ్చని అప్పుడు చెప్పింది. కొద్దిగా జారితే మెత్తటి బ్రష్షు, జివ్వుమనకుండా ఒక పేస్టు చాలట. పంటి మొదలు అరిగి గాడి పడితే పంటిరంగు మందుతో పూడుస్తారట. నాకు పక్క పన్నుకి అదే చేసింది. ముందు పళ్ళకి మాత్రం చిగురు కిందకి దించాలంది. ఇదివరకు అంగిట్లోంచి చిన్న ముక్క కోసి తెచ్చి అతికి కుట్లు వేసేవారట, కొందరికి ఇప్పటికీ అదే మంచిదట. కొయ్యడం అనేసరికి నేను చెప్పుల కోసం చూశాను. "కూర్చో, నీకు అది అక్కర్లేదు" అని పిన్‌హోల్ అనే పద్ధతి చెప్పింది. పెదవి లోపల, చిగురుకి పైన ఆవగింజంత కంత చేసి, అందులోంచి సన్నటి పనిముట్టు పోనిచ్చి, చిగురుని మెల్లగా వదులు చేసి కిందకి జారుస్తారు. రమణి పరికిణీ పొట్టైతే అంచు మడత విప్పి కిందకి దించుతావు చూడు, అలాగన్నమాట. జారింది మళ్ళీ పైకి పోకుండా ఆ కంతలోంచే సన్నటి పీలికలు దూరుస్తారు, అవి లోపలే కలిసిపోతాయి. కుట్టు లేదు. మత్తు సూది పొడిచినప్పుడు సింహాద్రి అప్పన్నని గట్టిగా తలుచుకున్నాను. తరవాత తలుచుకోవలసిన అవసరమే రాలేదు, నోట్లో ఏదో గుడగుడ తప్ప.

అయ్యాక ఆవిడ చెప్పిన మొదటి మాట విను. "కొన్ని వారాలు ఆ చోట బ్రష్షు పెట్టకూడదు, మందునీళ్ళు పుక్కిలించాలి." మాట్లాడకూడదు కనక కాగితం తీసుకుని, "నిజంగానే తోమొద్దా?" అని రాసి చూపించాను. "నిజంగానే" అంది. "మిగతా పళ్ళు?" అని రాశాను. "అవి మెత్తగా." "ఇవి మాత్రం నిజంగానేనా?" అని మళ్ళీ రాశాను. ఆవిడ కాగితం లాక్కుంది.

చల్లారిన అంబలి తాగి బతికాను. ఇక్కడి రాగిపిండిలో మన చోళ్ళ వాసనే లేదు. గదిలో ఒక్కణ్ణే. ఎక్కువ మాట్లాడొద్దని డాక్టరమ్మ అన్నప్పుడు, ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళెవరున్నారని నవ్వొచ్చింది. నవ్వొద్దని కూడా అంది. ఆ నాలుగు గోడల మధ్యా నువ్వే గుర్తొచ్చావు. ఇప్పుడు బాగుంది, బాగానే ఉన్నాను. కొట్టులో మళ్ళీ ముందుకు వచ్చేశాను, చీర నేను విప్పుతాను, మాటలు పక్కవాడు చెబుతాడు.

ఇక నీ సంగతి. నీ నోటి ఫొటో పంపమని రమణిని అడిగాను. మొదటి ఫొటోలో పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నావు. రెండోదీ అంతే. మూడోదాంట్లో బావని తిడుతున్నావు, నోరు పూర్తిగా తెరిచి. ఆ తిట్టు పుణ్యమా అని డాక్టరమ్మకి పైవీ కిందవీ అన్నీ కనపడ్డాయి. రమణీ, ఈ ముక్క మీ నాన్నకి వినపడేలా చదవమ్మా.

"మీ అక్క పొగ తాగుతారా?" అని అడిగింది. "మా ఊళ్ళో ఆడవాళ్ళు సిగరెట్టు ముట్టరండీ" అన్నాను ఠీవిగా. అన్నాక నీ చుట్ట గుర్తొచ్చింది. అడ్డపొగ అన్నాను. అంటే ఏమిటంది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారని చెప్పాను. "నిప్పు లోపలా?" అని తనే నోరు తెరిచేసింది. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూసిందట, నువ్వు పాఠాల్లో కూడా ఉన్నావప్పా! మీ అత్త "పంటినొప్పికి మందే" అని నీకు అలవాటు చేసిందని చెబితే మాత్రం ఆవిడ నవ్వలేదు.

ఆవిడ చెప్పింది ఇది. ఫొటో చూసి తేల్చలేను గాని ఇది అన్నీ పీకాల్సిన నోరులా లేదంది. బాగా కదిలేవి ఉంటే అవే తియ్యాలి, మిగతావాటికి చిగురు కింద గార తీసి శుభ్రం చెయ్యాలి, చుట్ట మానాలి. నాకు చేసింది నీకు పనికొస్తుందో లేదో ఆ తరవాత మాట. అన్నిటికన్నా ముందు నీ అంగిలి చూడాలట. నిప్పు సెగ తగిలే చోట ఏదైనా పుండు పుడుతుంటే, దాని మీద పళ్ళసెట్టు పలక మూతలా పడిపోతే, ఎవరికీ కనపడదట. ఆ మాట విని బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాను. నా బస్సు వచ్చింది, ఎక్కలేదు. నాకు భయమేసిందప్పా. అమ్మ పోయాక నాకు అమ్మ అంటే నువ్వే.

పమిట అడ్డం లేకుండా నవ్వుకోవాలనే కదా నీ తాపత్రయం? నువ్వు నవ్వితే వీధి చివర బావి దగ్గర వినపడేది. ఆ నవ్వు పళ్ళసెట్టుతో వస్తుందని ఎవరూ పూచీ పడరు. ఉన్న పళ్ళని దక్కించుకుందాం. సెలవు అడిగాను, ఓనరు ఇచ్చాడు. విజయనగరంలో చిగుళ్ళ డాక్టరు ఉంటారట, నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.

మీ అత్తకి నా దండాలు. ఆవిడ చుట్ట ఆవిడిష్టం, నీకు మాత్రం పంచొద్దని చెప్పు. బావకి నమస్కారాలు. ఇంటిల్లిపాదికీ మెత్తటి బ్రష్షులు తెస్తున్నాను, బావ వాటితో బండి చైను తుడిస్తే ఊరుకోను. రమణికి దీవెనలు. చోడిపిండి కొంచెం మర పట్టించి ఉంచు, వెళ్ళేటప్పుడు పట్టుకెళ్తాను. నాకూ నీ చల్లని దీవెన కావాలి.

బుధవారం పొద్దున్న విజయనగరంలో దిగుతాను. రైలు ఎంత ఆలస్యమవుతుందో, బస్సు రాజాం ఎప్పుడు చేరుస్తుందో చెప్పలేను. బావ తొందరపెడితే రాజాం వెళ్ళు. అక్కడి పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోమంటే కూర్చో. కానీ నేను ఆ గుమ్మంలో కనపడేదాకా, ఎవరెంత చెప్పినా సరే, నీ కాళ్ళకి దండం పెడతాను అప్పా, నోరు మాత్రం తెరవకు.

నీ తమ్ముడు,
పైడిరాజు