నూతి దగ్గర కాదు, పైపు దగ్గర

జూన్ 3, సోమవారం
నా కూతురు దుర్గ పోయి రెండు నెలలు. పదో తరగతి పరీక్షలు రాసి మంచాన పడింది. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. పోయాక రిజల్టు వచ్చింది. ఫస్టు క్లాసు. ఎవరికి చెప్పుకోను?

మా నూతినీళ్లు శ్రీకాకుళం పట్టుకెళ్లి టెస్టు చేశారు. మందుల కంపెనీ కెమికల్ ఉందట. వాళ్ల కాలవ మా ఇళ్ల వెనకనుంచే సముద్రంలోకి పోతుంది. అందుకే కంపెనీ మీద కేసు పెట్టాను.

జూన్ 7, శుక్రవారం
మా మరిది శివాజీ నవ్వుకుంటూ వచ్చాడు. వదినా, కంపెనీవోళ్లు మన నూతికాడ ప్లాస్మా మిషను ఎడతారట, మెరుపు పుట్టించి నీళ్లలో ఇసం కాల్సేస్తాదట అన్నాడు. బదులుగా నేను కేసు తీసేసుకోవాలట. అందుకా నవ్వు!

సచ్చిపోయిన పిల్ల కోసం బతికున్న పిల్లల్ని సంపుతావేటి అని కూడా అన్నాడు. వాడి కొడుకూ ఆ నీళ్లే తాగుతాడు. మిషను పెట్టుకోండి, కేసు సంగతి తర్వాత అన్నాను.

జూన్ 11, మంగళవారం
మిషను బీరువా అంత ఉంది. కొత్త పడవకి చేసినట్టే పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టారు. నేను దగ్గరికి వెళ్తే మా వాడకి పెద్దదిక్కు దాలమ్మత్త చెయ్యి అడ్డం పెట్టింది. బిడ్డని పోగొట్టుకున్న సెయ్యి కొత్తదాని మీద పడకూడదే, ఏటీ అనుకోకు అంది. నా పెరడు. నా నుయ్యి. గోడవార నిలబడ్డాను.

ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఈ మిషను మీద రీసెర్చి చేస్తున్న శ్రావణి అనే పిల్ల గాజుగొట్టంలో నీలంరంగు నీళ్లు పోసి స్విచ్చి వేసింది. ఊదారంగు మెరుపులు, చిటచిట చప్పుడు. కాసేపటికి రంగు పోయింది. అందరూ చప్పట్లు. కంపెనీ మేనేజరు ఫోటోలు.

నా కూతురు తాగిన నీళ్లకి రంగుందా అని అరిచాను. అవీ తేటగానే ఉన్నాయి కదరా!

ఊరుకో వదినా, పరువు తియ్యకు అన్నాడు శివాజీ. పరువట.

జూన్ 12
శ్రావణి ఒక్కతే వచ్చింది. ఈ మిషను పనిచేస్తుందా, ఒట్టేసి చెప్పు అన్నాను. చేస్తుందట. మెరుపు తగిలితే కెమికల్ ముక్కలైపోతుందట. కానీ కాలవ నేలలోకి ఇంకుతున్నంతకాలం నుయ్యి పాడవుతూనే ఉంటుందట. కంపెనీ కాలవలోకి నీళ్లు వదిలే పైపు దగ్గరే పెట్టాలని తను చెప్పిందట. వాళ్లు వినలేదట.

మరి నిన్న అందరి ముందు ఎందుకు చెప్పలేదే అని తిట్టాను. ఏడ్చింది. ఓదార్చలేదు. నాకు ఓదార్పు మిగిలుంటే కదా.

జూన్ 14
కేసు తియ్యనని చెప్పేశాను. శివాజీ అన్నం తినకుండా లేచిపోయాడు. పోనీ.

జూన్ 15, శనివారం
రెండు నెలల చేపలవేట నిషేధం అయిపోయింది. తెల్లారకముందే మగాళ్లంతా సముద్రం మీదికి పోయారు. నేను ఇల్లిల్లూ తిరిగాను. మిషనుని పైపు దగ్గరికి లాగుదాం, అందాకా పిల్లలకి పక్క ఊరి నీళ్లు మోద్దాం అన్నాను. మగోళ్లొచ్చి తంతారే అంది పక్కింటి బుల్లమ్మ. తంతే తన్నులు తిందాం, కడుపులో ఇసం కన్నా ఎక్కువేటి అన్నాను. అందరికన్నా ముందు శివాజీ పెళ్లామే కొంగు దోపుకుని లేచింది.

వైర్లు శ్రావణే ఊడదీసింది. మా రీసెర్చి గైడు సారు సంపేస్తాడు పిన్నీ అంటూనే. పడవని ఒడ్డుకి లాగినట్టే కింద దుంగలు వేసి, మోకులు కట్టి లాగాం. మోకు ఒకటి దాలమ్మత్త నా చేతిలో పెట్టింది. లాగు, సూస్తావేటి అంది.

కంపెనీ గేటు పక్కన పైపు ముందు దింపాం. కరెంటు మీరే ఇవ్వాలి అన్నాను వాచ్‌మన్‌తో. గేటు వేసేశాడు.

జూన్ 17
కరెంటు ఇవ్వలేదు. పైపు నీళ్లు బిందెలతో పట్టి గేటుకి అడ్డంగా పెట్టాం. మేనేజరు కారు ఆపి, తియ్యండమ్మా అన్నాడు. నువ్వే దిగి చేత్తో తియ్యి బాబూ, మీ నీళ్లే కదా అన్నాను.

అద్దం ఎత్తేసుకున్నాడు. దిగలేదు.