సగం రోడ్డు

ఫిబ్రవరి 3

ఈరోజు నా టేబుల్ మీదికి వచ్చిన మొదటి ఫిర్యాదు మా అత్తగారిది.

పన్నెండేళ్లుగా మున్సిపల్ ఆఫీసులో ఇదే సెక్షన్. రోడ్డు మీద ఇసక పోసినవాళ్లకీ, మెట్లు ముందుకు జరిపి కట్టినవాళ్లకీ నోటీసులు టైప్ చేయడమే నా బతుకు. సొంతింటి నుంచి ఫిర్యాదు రావడం ఇదే మొదలు. అదీ రిజిస్టర్డ్ పోస్టులో! ఇంట్లో నా చేతికిస్తే సరిపోయేది కదా అని అడిగాను. ఇంట్లో ఇస్తే దానికి నంబరు పడదు కదా అన్నారు.

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. మా వీధిలో నాలుగో ఇంటి నుంచి ఎనిమిదో ఇంటి దాకా మా ఆఫీసు వాళ్లే మురుగునీటి సిమెంటు పైపులు పేర్చి నాలుగు నెలలైంది. ఉన్న ఒక్క ఫుట్‌పాత్ మొత్తం, రోడ్డులో సగం వాటిదే. మిగిలిన సగంలో డిపో బస్సులు మనుషుల్ని రాసుకుంటూ పోతాయి. అత్తగారి తుంటి ఆపరేషనూ అప్పుడే అయింది. వాకర్‌తో నడక. వంగి ఆటో ఎక్కొద్దన్నాడు డాక్టరు. పదో ఇంట్లో ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తగారు, పక్షవాతంతో మంచంలో ఉన్నారు. మాట పడిపోయింది, ఫోన్ చేసి లాభం లేదు. ఉన్నది ఒకే వీధిలో, అయినా అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నాలుగు నెలలు.

ఫిబ్రవరి 4

నంబరు పడింది. 212.

ఫిబ్రవరి 14

మూడు రోజుల కిందట సూపరింటెండెంటు చెప్పిన జవాబు నేనే టైప్ చేశాను, నేనే పోస్టు చేశాను. తమ ఫిర్యాదు పరిశీలనలో ఉన్నది. ఈరోజు ఇంటికి చేరింది. భోజనాల దగ్గర అత్తగారు పైకి చదివారు. ముప్పై ఏళ్లు టీచరు చేసిన మనిషి. ఎర్ర పెన్ను తెప్పించుకుని, ఎవరు పరిశీలించారో, ఎప్పుడు, ఏం చూశారో రాయలేదని పదికి మూడు మార్కులు వేసి నా చేతికిచ్చారు. ఆ మూడూ అచ్చుతప్పులు లేనందుకట. మా ఆయన పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 20

పైపుల ఇంజనీరు కూర్చునేది నా ఎదురు టేబుల్ దగ్గరే. పైపులు ఎప్పుడు తీస్తారండీ అని అడిగాను. కాగితం పెట్టండి అన్నాడు. పెట్టాను. మా ఇద్దరి మధ్య ఆరడుగులు. నా కాగితం పై అంతస్తుకి వెళ్లి, సీలు వేయించుకుని ఆ ఆరడుగులు దాటడానికి పది రోజులట.

మార్చి 3

జవాబొచ్చింది. పైపులు భూమిలో వేసేస్తే అడ్డు దానంతటదే పోతుందట. వేయాలంటే రోడ్డు తవ్వాలి. తవ్వడానికి పర్మిషన్ ఇవ్వాల్సింది మా సెక్షనే. పరుగున సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాను. ఫిర్యాదు పెండింగ్‌లో ఉన్న రోడ్డుకి పర్మిషన్ ఇవ్వకూడదమ్మా, రూల్ అన్నారు. ఏ ఫిర్యాదండీ అన్నాను. 212 అన్నారు.

తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. గోడకి బీరువాలు అడ్డం.

మార్చి 4

ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అత్తగారిని బతిమాలాను. దారికి అడ్డం పడ్డది పైపులైతే తప్పుకోవలసింది నేనా అన్నారు. ఆఫీసులో వాళ్లు, ఇంట్లో ఈవిడ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా ఆయన టీవీలోంచి తల తిప్పకుండా వదిలెయ్యమ్మా అన్నారు. వాళ్లమ్మతో అన్నారో నాతో అన్నారో తెలియదు.

మార్చి 9

చిన్నత్తగారి కోడలు ఫోన్ చేసింది. రెండు రోజులుగా ఆవిడ ఏమీ తినడం లేదట. గుమ్మం వైపే చూస్తున్నారట.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అత్తగారు లేరు. వాకర్ తీసుకుని ఒక్కరే బయల్దేరిపోయారు. నాలుగో ఇంటి దగ్గర బస్సు అద్దం తగిలి వాకర్ ఎగిరి పడింది. ఆవిడ పైపు పట్టుకుని నిలబడ్డారు కాబట్టి సరిపోయింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవలేక వాకర్ తుడుస్తూ కూర్చున్నాను.

మార్చి 10

అసలు మీ చట్టం ఏమంటోందో చదివి వినిపించమన్నారు అత్తగారు. విసుగొచ్చి ఆఫీసు పుస్తకం తెచ్చి గడగడా చదివేశాను. రోడ్డు కొంత భాగం అడ్డమైతే నోటీసు, జవాబు, విచారణ. రాకపోకలు పూర్తిగా ఆగిపోతే నోటీసు అక్కర్లేదు, అడ్డంగా ఉన్న ఏ వస్తువునైనా అక్కడికక్కడే తీసెయ్యొచ్చు. మనది సగమే అత్తయ్యా, అందుకే ఈ గతి అన్నాను.

ఆ వాక్యం మళ్లీ చదవమన్నారు. చదివాను. మనిషి వస్తువు కిందికి వస్తాడా అని అడిగారు. రాడన్నాను. ఎందుకడిగారో ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది.

మార్చి 12, ఉదయం 9.40

పది నిమిషాల్లో పదకొండు ఫోన్లు. అన్నీ మా వీధి నుంచే. పైపులు లేని సగంలో ఎవరో పెద్దావిడ ఎత్తు కుర్చీ వేసుకుని కూర్చున్నారట. ఒళ్లో ఏదో పుస్తకం ఉందట. దేవుడా.

అదే రోజు, మధ్యాహ్నం 2

క్రేన్ వెనకాలే నేనూ, సూపరింటెండెంటూ వెళ్లాం. అటు ఆరు బస్సులు, ఇటు నాలుగు లారీలు. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. అత్తగారు కుర్చీలోంచి కదలరు. కానిస్టేబుల్ దగ్గరికొస్తే, కొత్త తుంటి బాబూ, విరిగితే నాదే బాధ్యత అని రాసిచ్చి ఎత్తు అన్నారు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. కుర్చీ వస్తువే కదా అన్నారు సూపరింటెండెంటు. వస్తువే, నేను లేచాక తీసుకెళ్లండి అన్నారు అత్తగారు.

ఆయన నా వైపు చూశారు. నేను నా పుస్తకం వైపు చూశాను. అది అత్తగారి ఒళ్లో ఉంది, ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది. ఇక అక్కడ ఎత్తడానికి వీలైన వస్తువులు పైపులు మాత్రమే. సూపరింటెండెంటు ఎత్తమన్నారు. ఐదు నెలలు కదలనివి నలభై నిమిషాల్లో డిపో వెనకాల ఖాళీ స్థలంలోకి పోయాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అత్తగారు వాకర్ పట్టుకుని లేచి, ఫుట్‌పాత్ ఎక్కి, వెనక్కి చూడకుండా పదో ఇంటి వైపు నడిచారు. అంత బరువు కుర్చీ అక్కడిదాకా ఎవరు మోశారని అడిగాను. గుంపులో ఉన్న మా ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నారు.

సాయంత్రం 5

రోడ్డుకి అడ్డంగా కూర్చున్నందుకు అత్తగారికి నోటీసు. టైప్ చేసింది నేనే. మనిషి ఎక్కడుంటే అక్కడికెళ్లి చేతికివ్వాలని రూల్. ఈసారి ఒక్క వివరం కూడా వదల్లేదు.

మార్చి 13

పదో ఇంట్లో ఇచ్చాను. అత్తగారు మంచం పక్కన కూర్చుని ఉన్నారు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో అన్నీ ఉన్నాయని పదికి పది వేశారు. తర్వాత చెల్లెలికి పైకి చదివి వినిపించారు.

చిన్నత్తగారు నవ్వారు. సగం నోటితో.