పదహారు రంగుల ఆకాశం

పుట్టపాక

చిరంజీవి సుహాసినికి పెద్దమ్మ దీవెనలు.

నీ కాలేజీ ప్రదర్శనకని నువ్వు ఫోన్‌కు పంపిన పొద్దుగూకే ఆకాశం బొమ్మ చూసే, నేసే ముందే చీర కొంగు నూలుకు కట్లు కట్టి రంగులు వేశాం. బొమ్మలో ఆకాశమంతా పట్టీలు పట్టీలుగా ఉంది. నీ డిజైనే అంత అనుకుని ఒక్క పట్టీ వదలకుండా నేశాం. నేసిన చీర ఫోటో చూసి నువ్వు, "పెద్దమ్మా, గవి పట్టీలు కావే! ఫైలు చిన్నగ చేస్తే రంగులు తగ్గినయి" అని ఏడ్చావు. లక్షల రంగులున్న బొమ్మను పదహారింటికి కుదిస్తే, ఒకదాంట్లో ఒకటి కరగాల్సిన రంగులు మెట్లలా విడిపోతాయని నువ్వు చెప్తేనే తెలిసింది. మీ పెదనాయన మాత్రం, "పదహారు తక్కువనా? గీ చీరకు ముందు మనింట్ల ఎన్నడన్న గన్ని రంగు గిన్నెలున్నయా?" అని నవ్వారు.

ఫికర్ చేయకు. రంగులు తగ్గించని అసలు బొమ్మ పంపు. ప్రదర్శనకు ఇంకా టైముంది, మళ్ళీ నేస్తాం. ఈ చీర మాత్రం అడగొద్దు, ఇది నాది.

నిన్న పొద్దుగూకే వేళ కట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. మీ పెదనాయన ఆకాశాన్ని చూశారు, నా కొంగును చూశారు.

"పైనోడే జర తప్పు నేసిండు" అన్నారు.

నీ పెద్దమ్మ