వాడికీ ఒక నోటీసు

ప్రియమైన చెల్లాయికి,

నీ పాప బాగుంది. ముందుపన్ను ఊడింది. నేను చిత్రిక పడుతుంటే రాలిన చెక్కపొట్టు చుట్టల్ని చెవులకు తగిలించుకుని లోలాకులంటోంది.

మీ హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు కాబట్టి, పాపను నా దగ్గరే ఉంచమని కోర్టులో అర్జీ పెట్టాను. తండ్రికి నోటీసు పంపాలి, అడ్రసు చెప్పమన్నాడు గుమాస్తా.

"పెళ్లాం చెయ్యి విరగ్గొట్టినవాడికి కూడానా?" అన్నాను.

"తండ్రి తండ్రే కదండీ" అన్నాడు.

ఏం చెప్పమంటావు?

అన్నయ్య

అన్నయ్యా,

వద్దు. ఆ కాగితంలో నీ ఇల్లు, పాప బడి అన్నీ ఉంటాయట. ఇప్పటికీ షాపు తలుపు చప్పుడైతే ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి వెనక్కెళ్లి నక్కుతున్నాను. "నీ జీతం కాలిన చొక్కాలకే సరి" అని నవ్వుతుంది యజమానమ్మ. వాడికి మన జాడ తెలియకూడదు.

నీ చెల్లి

చెల్లాయ్,

వాడెక్కడున్నాడో తెలియదని రాసి సంతకం పెట్టాను. కిందటి నెల వాడి వీధిలోనే ఒకరింటికి తలుపులు బిగించాను, అయినా పెట్టాను. నోటీసుకు బదులు పేపర్లో ప్రకటన వేస్తారట. వాడు పేపరు చదివే బాపతు కాదులే. ఇక నిశ్చింతగా ఉండు.

అన్నయ్య

అన్నయ్యా,

నీ మీద కోపంగా ఉంది, ముందే చెబుతున్నా. రేపు వాడొచ్చి "నాకు చెప్పకుండా తీర్పు తెచ్చుకున్నారు" అంటే మన ఉత్తర్వు చిత్తుకాగితమేనట, మా హాస్టలుకొచ్చే లాయరమ్మ చెప్పింది. అప్పుడు నువ్వు అబద్ధాలకోరువి, వాడు పాపం అన్యాయమైపోయిన తండ్రి! ఆ సుఖం వాడికి నేనివ్వను.

నిన్న బస్సెక్కి కోర్టుకొచ్చాను. చెబితే ఆపుతావని నీకు చెప్పలేదు. వాడి అడ్రసు నేనే ఇచ్చాను.

"భయం లేదా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

"ఉందండీ. కానీ నా బిడ్డ కోసం దొంగచాటుగా ఎందుకు అడగాలి? వాడు వింటుండగానే అడుగుతాను."

నీ ఇల్లు, బడి, మా షాపు, ఏ అడ్రసూ కనబడకుండా కొట్టేసి నోటీసు పంపమన్నారు. ఆ తప్పు సంతకానికి నిన్ను క్షమాపణ రాసివ్వమన్నారు. గొణక్కుండా రాసెయ్.

సోమవారం వాయిదా. వాడొస్తాడు, రానీ. విరిగిన ఆ చేత్తోనే వాణ్ణి చూపించి, ఎవరు విరిచారో చెబుతాను. నువ్వు అడ్డంగా వచ్చి నా ముందు నిలబడకు. పక్కన కూర్చో, చాలు.

పాప తల్లి