నిమ్మరసానికి పొంగిన మేతబీడు

రాజపాళయం, 12-6-1938

నాయనగారికి,

సాక్షాత్తు భూదేవి నెత్తిన నిమ్మరసం పోయించిన ఈ మహాపాపిని క్షమించవలెను.

మీరు నిమ్మతోట వేయమన్న మేతబీడులో పొన్నుసామి చేత గుంత తవ్వించాను. జానెడు మట్టి కింద అంతా తెల్లటి సున్నపు పొర. గడ్డి వేళ్లే అందులోకి దిగలేక పక్కకు తిరిగాయి! అది సున్నమంటే నమ్మని ధనం అత్త, పులుపు తగిలితే సున్నం పొంగుతుందని నేననగానే, తానే నిమ్మకాయ పిండింది. బుసబుసమని నురగ పొంగింది. చదువుకున్నవాణ్ని, నేనే అదిరిపడ్డాను. "అయ్యయ్యో, నేల కాగుతా ఉండాదిరా పాపీ! అన్నకి మొదట కార్డు రాయి!" అని అత్త కేకపెట్టింది.

అక్కడ నిమ్మ నాటితే ఆకులు పసుపెక్కి చస్తాయి. బీడును ఆవులకే వదలండి. అక్కకు కాన్పయిందా? అమ్మ సొంఠిపొడి పంపాలా అంటోంది. బావగారికి నమస్కారాలు.

నా చేతులతో నేను చేసింది ఒక్కటే. మీరు తెప్పించిన నిమ్మమొక్కలు చావకూడదని, మీరు ముఖం చూడనన్న తళవాయిపురం మామ ఎర్రనేలలో అన్నీ నాటేశాను.

మీ కొడుకు సుదర్శన