కంప్యూటరు బొమ్మ నడక

టెక్కలి,
12-7-2004

జెన్నిఫర్‌కి నానమ్మ దీవెనలు.

నాట్యం రాసుకునే గుర్తులతో మనిషి నడకను రాసిస్తే, కంప్యూటరులో బొమ్మ అచ్చం అలాగే నడుస్తుందన్నావు కదా. మనవరాలు ఏ రాణినో నడిపించి ఉంటుందనుకుని, నిన్న ఆరాధన అయ్యాక నలుగురినీ పిలిచి మరీ నీ సీడీని పాస్టరుగారింట్లో వేయించాను.

తెర మీద ఓ ముసలమ్మ కానుక వేయడానికి లేచి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచింది. "ఎవరర్రా ఈ కుంటి ముసల్ది?" అని నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

పక్కన కూర్చున్న అక్కమ్మ నా చెవిలో, "నువ్వేనమ్మా టీచరమ్మా. యేడాదయ్యింది, ఇలాగే ఈడుత్తన్నావు. సెప్తే కసురుతావని ఎవులూ సెప్పనేదు" అంది.

అక్కమ్మని కసరకుండానే లేచొచ్చేశాను. నేను! ఇంటికొచ్చి తడికాళ్లతో వరండాలో నడిచి చూసుకున్నాను. కుడివైపు పాదాలు పడ్డాయి, ఎడమవైపు గీత పడింది.

రేపు మీ నాన్న శ్రీకాకుళంలో డాక్టరుకి చూపిస్తానన్నాడు. జాలిపడి బొమ్మ కాలు సరిచేసేవు, జాగ్రత్త. నాది బాగైతే వచ్చి మళ్లీ రాసుకో. అందాకా దాన్ని అలాగే నడవనీ. ఇంతమందిలో నాకు భయపడనిది అదొక్కతే.

నానమ్మ